గీజర్ మీద 2000 వాట్లని ఉంది, లెక్క వేస్తే 1643 వస్తోంది. కాయిల్ పోయినట్టేనా?

బోరబండ_బ్యాచిలర్ | శనివారం, రాత్రి 9:12
అందరికీ నమస్తే. బోరబండలో అద్దెకుంటున్నాను, రెండో అంతస్తు. బాత్రూమ్‌లో 15 లీటర్ల గీజర్ ఉంది, ఓనర్ ఆంటీ పెట్టించిందే, రెండేళ్లయింది. చలి మొదలైనప్పటి నుంచి నీళ్లు కాగడానికి యుగం పడుతోంది. ఇవాళ ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. ఆయన గీజర్ కింద మూత విప్పి, క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి ఆంపియర్లు చూసేది) తగిలించి చూసి, ఫోన్‌లో లెక్క కొట్టి చూపించాడు. గీజర్ దగ్గర 208 వోల్టులు, 7.9 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 1643. "చూడన్నా, రెండు వేలు రావాలి, పదహారొందలే వస్తోంది. కరెంటు తక్కువ గుంజుతోంది. కాయిల్ వీకైంది, మార్చాల్సిందే" అన్నాడు. ఆంటీ మాత్రం "రెండేళ్లకే కాయిల్ పోవడమేంటి, నువ్వే ఏదో చేసుంటావు, నువ్వే పెట్టుకో" అంటోంది. డబ్బులు పెట్టేముందు ఎవరైనా ఈ లెక్క సరైనదేనా చెప్పండి.

ఫ్యూజువైరు | 9:20
కాయిల్ వీకవడమేంటి, అదేమైనా మనిషా? పోతే మొత్తం పోతుంది, లేకపోతే ఉంటుంది.

మణికొండ_ఐటీవాలా | 9:31
బ్రో, పవర్ అంటే వోల్టేజ్ ఇంటూ కరెంట్. గీజర్‌కి కావాల్సింది 2000 వాట్లు. వోల్టేజ్ తగ్గితే కరెంట్ పెరగాలి, 208కి 9.6 ఆంపియర్లు లాగాలి. 7.9 దగ్గరే ఆగిందంటే కాయిల్‌లో ప్రాబ్లమ్ ఉన్నట్టే. ఎలక్ట్రీషియన్ కరెక్ట్.

కుషాయిగూడ_అక్క | 9:38
బోరు నీళ్లా, మంజీరా నీళ్లా తమ్ముడూ? బోరు నీళ్లయితే కాయిల్ మీద సున్నం కట్టి ఉంటుంది. మా ఇంట్లో అట్లాగే అయింది.

మల్కాజిగిరి_మాస్టారు | 10:05
బాబూ, ఆ ఎలక్ట్రీషియన్ మంచి పనే చేశాడు, సగంలో ఆపేశాడు. రెండు అంకెలూ గుణించాడు, భాగించలేదు. ముందు భాగించు.

208 ÷ 7.9 = 26.3 ఓమ్‌లు. అది నీ కాయిల్ నిరోధం, అంటే కరెంటుని అది ఎంత అడ్డుకుంటుందో ఆ లెక్క.

ఇప్పుడు కంపెనీవాళ్లు మూత మీద రాసిన దాన్నే తిరగేసి చూడు. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లు అన్నారు. 2000 ÷ 230 = 8.7 ఆంపియర్లు. 230 ÷ 8.7 = 26.4 ఓమ్‌లు. రావాల్సింది 26.4, వచ్చింది 26.3. నీ కాయిల్ పుట్టినప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. దానికి ఏ జబ్బూ లేదు.

మణికొండ అబ్బాయికి: గీజర్‌కి తనకు 2000 వాట్లు కావాలన్న సంగతి తెలియదయ్యా. దానికి తెలిసిందల్లా 26 ఓమ్‌లు. ఇచ్చిన వోల్టేజ్‌ని 26తో భాగిస్తే ఎంతొస్తే అంతే కరెంటు. వోల్టేజ్ తగ్గితే కరెంటూ తగ్గుతుంది, అందుకే వాట్లు రెండింతల దెబ్బ తింటాయి. 208 అనేది 230లో తొంభైన్నర శాతం. వాట్లు తొంభైన్నరలో తొంభైన్నర శాతం, అంటే సుమారు ఎనభై రెండు శాతం. 2000లో 82 శాతం ఎంతో చూసుకో.

మణికొండ_ఐటీవాలా | 10:11
1640. ఓకే సార్. కానీ మా ఇన్వర్టర్ ఏసీ వోల్టేజ్ తగ్గినప్పుడు కరెంట్ ఎక్కువే లాగుతుంది, యాప్‌లో చూశాను.

మల్కాజిగిరి_మాస్టారు | 10:19
నిజమే, కాదనను. అందులో ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది. లోపల మోటారుకి ఇన్ని వాట్లు అందాలని అదే సర్దుకుంటుంది. లాప్‌టాప్ ఛార్జరూ అంతే. నీ లెక్క వాటికి వర్తిస్తుంది. గీజరు, ఇస్త్రీపెట్టె, పాతకాలం హీటరు రాడ్డు లాంటివి మాత్రం ఉత్త తీగచుట్టలు.

కుషాయిగూడ అమ్మాయికి: సున్నం కడితే కాయిల్ వేడి నీటిలోకి దిగక, కాయిలే మాడి త్వరగా పోతుంది. ఓమ్‌లు మారవు, వాట్లు మారవు. కాబట్టి ఈ వాట్లు తగ్గడానికి సున్నం కారణం కాదు.

మనం తెలుగులో విద్యుత్తునే కరెంటు అంటాం కదా, కరెంటు పోయింది, కరెంటు బిల్లు, కరెంటాఫీసు అని. దాంతో లో వోల్టేజ్‌ని కూడా "కరెంటు తక్కువొస్తోంది" అంటాం. ఎలక్ట్రీషియన్ నోట ఆ మాట రాగానే తప్పు కాయిల్ మీదికి పోయింది. తగ్గింది వోల్టేజ్. ఎక్కడ తగ్గిందన్నదే ప్రశ్న.

బోరబండ_బ్యాచిలర్ | 10:27
సార్, ప్రాణం లేచొచ్చింది. అంటే కాలనీలో లో వోల్టేజ్ అన్నమాట. కరెంటాఫీసుకి కంప్లైంట్ పెట్టాలా?

ట్రూప్‌బజార్_తమ్ముడు | 10:40
ఆగన్నా. నేను వైరింగ్ పనే చేస్తా, పన్నెండేళ్లయింది. గీజర్ ఆఫ్ చేసి అదే సాకెట్‌లో వోల్టేజ్ ఎంతుందో చూశావా? ఆఫ్‌లో కూడా 208 ఉంటే బయట సమస్య. ఆఫ్‌లో బాగుండి, ఆన్ చేయగానే పడిపోతే నీ ఇంట్లోనే ఉంది.

బోరబండ_బ్యాచిలర్ | 10:52
మీటర్ లేదన్నా. రేపు ఫ్రెండ్ దగ్గర క్లాంప్ మీటర్ తెస్తాను, అందులో మల్టీమీటర్ కూడా ఉంటుందట.

మణికొండ_ఐటీవాలా | 10:55
మామూలు మల్టీమీటర్ ఉన్నా చాలు బ్రో, 10 ఆంపియర్ మోడ్‌లో పెట్టి [ఈ వాక్యం మోడరేటర్ తొలగించారు]

ట్రూప్‌బజార్_తమ్ముడు | 10:58
మోడరేటర్ గారికి దండం. అన్నా, ఎవరూ ఆ పని చేయకండి. ఆంపియర్ మోడ్‌లో మీటరంటే దాదాపు ఉత్త వైరు ముక్కే, నిరోధమే ఉండదు. సాకెట్‌లో గుచ్చితే నేరుగా షార్ట్. చేతిలో మీటరు పేలినవాడిని నేను కళ్లారా చూశా. వోల్టేజ్ చూడాలంటే వోల్టేజ్ మోడు, ఆంపియర్లకి క్లాంపు. అంతే.

ఎంపీసీ_పిల్ల | ఆదివారం, ఉదయం 8:15
సార్, నేను ఇంటర్ ఫస్టియర్. నాకో డౌట్ ఎప్పటినుంచో ఉంది, ఇక్కడ అడగొచ్చా? వీ అంటే వోల్టేజ్, ఐ అంటే కరెంట్, ఆర్ అంటే నిరోధం కదా. వీ స్క్వేర్ బై ఆర్ ప్రకారం నిరోధం తగ్గితే పవర్ పెరగాలి. ఐ స్క్వేర్ ఆర్ ప్రకారం నిరోధం పెరిగితే పవర్ పెరగాలి. రెండూ ఒకే పవర్ సూత్రాలు. ఏది నమ్మాలి? మా లెక్చరర్ "ప్రాబ్లంలో ఏం ఇచ్చారో చూసి వాడు" అంటారు.

మల్కాజిగిరి_మాస్టారు | 8:44
అడగాల్సిందే అడిగావు తల్లీ. కాసేపాగు, బ్యాచిలర్ బాబు కొలతలు తెచ్చాక అతని ఇంటితోనే చెబుతాను.

ఫ్యూజువైరు | 9:30
ఈలోగా నాదో సరదా. అటక మీద పాత ఫిలమెంట్ బల్బు దొరికింది, 100 వాట్లది. మల్టీమీటర్‌తో చూస్తే 38 ఓమ్‌లు. 230 ఇంటూ 230 బై 38 కొడితే 1392 వాట్లు. వంద వాట్ల బల్బు పద్నాలుగు వందలు తింటుందా? ఓమ్ గారు తప్పా, నా మీటర్ తప్పా?

మల్కాజిగిరి_మాస్టారు | 9:41
ఇద్దరూ కరెక్టే. నువ్వు చల్లటి బల్బుని కొలిచావు. వెలిగేటప్పుడు ఫిలమెంట్ సుమారు రెండున్నర వేల డిగ్రీల వేడిలో ఉంటుంది, అప్పుడు దాని నిరోధం 529 ఓమ్‌లు, నీకొచ్చిన దానికి పద్నాలుగు రెట్లు. స్విచ్ వేసిన మొదటి క్షణంలో నువ్వన్న 1400 వాట్లూ నిజంగానే పోతాయి. పాత బల్బులు ఎక్కువగా స్విచ్ వేసేటప్పుడే టప్పున మాడిపోయేది అందుకే.

గీజర్ కాయిల్‌లో ఉండేది నైక్రోమ్ అనే మిశ్రమలోహం. వేడెక్కినా దాని నిరోధం పెద్దగా మారదు. కాబట్టి బ్యాచిలర్ బాబు ప్లగ్గు పీకి, చల్లగా ఉన్నప్పుడే రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు చూసుకోవచ్చు. గీజర్ మీద స్విచ్ ఉంటే ఆన్‌లో ఉంచాలి, నీళ్లు చల్లగా ఉండాలి, లేకపోతే థర్మోస్టాట్ (నీళ్లు కాగగానే కరెంటు ఆపే స్విచ్) తెరుచుకుని ఏమీ చూపించదు.

బోరబండ_బ్యాచిలర్ | 11:50
మీటర్ వచ్చింది. ప్లగ్గు పీకి చూస్తే 26.5 ఓమ్‌లు, మీటర్ వైర్లు రెండూ కలిపి పెడితేనే 0.2 చూపిస్తోంది కాబట్టి 26.3 అనుకుంటా. మాస్టారి లెక్క అచ్చంగా దిగింది! పక్క సాకెట్‌లో గీజర్ ఆఫ్‌లో 226 వోల్టులు.

కానీ క్లాంప్ మీటర్ పాడైనట్టుంది. గీజర్ వైరుకి తగిలిస్తే 0.00. ఎర్రలైటు వెలుగుతోంది, నీళ్లు కాగుతున్నాయి, ఆంపియర్లు మాత్రం సున్నా.

ట్రూప్‌బజార్_తమ్ముడు | 11:56
😀 మొత్తం నల్ల వైరుకి తగిలించావా అన్నా? అందులో ఫేజు, న్యూట్రలు రెండూ ఉన్నాయి. ఒకదాంట్లో పోయింది రెండోదాంట్లో వెనక్కి వస్తుంది, క్లాంపుకి రెండూ కలిపి సున్నా. ఒక్క ఫేజు వైరునే పట్టాలి. అది డీబీ (ఇంటి మెయిన్ స్విచ్చుల పెట్టె) దగ్గర ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) కింద దొరుకుతుంది, కానీ నువ్వు మూత విప్పకు. తెలిసినవాళ్లని పిలిచి చేయించు.

మల్కాజిగిరి_మాస్టారు | 12:02
నీ క్లాంపు బాగానే ఉంది బాబూ. పోయినదంతా అదే వైరులో తిరిగొస్తోందన్నమాట, కానీ అందులో ఎర్త్ తీగ కూడా ఉంటుంది కాబట్టి లీకేజీ లేదని దీంతో తేల్చలేం. ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే స్విచ్) పనిచేసేది కూడా ఆ సూత్రం మీదే, కాకపోతే అది ఫేజు, న్యూట్రలు రెండింటినే చూస్తుంది.

కుషాయిగూడ_అక్క | 12:30
తమ్ముడూ, మూతలు విప్పకుండా ఒక పని చెయ్యి. మెట్ల కింద నీ కరెంటు మీటర్ ఉంటుంది కదా, దాని మీద చిన్న ఎర్ర ఎల్ఈడీ మినుకుమినుకుమంటుంది. పక్కనే 3200 అనో ఇంకేదో అంకె రాసి ఉంటుంది, యూనిట్‌కి అన్నిసార్లు వెలుగుతుందని. ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి, గీజర్ ఒక్కటే వేసి, నిమిషంలో ఎన్నిసార్లు వెలుగుతుందో లెక్కపెట్టు. దాన్ని 60తో గుణించి 3200తో భాగిస్తే కిలోవాట్లు. మా ఇంట్లో ఏ వస్తువు ఎంత తింటుందో నేను ఇట్లాగే పట్టాను. ఎదురింటావిడ నాకు పిచ్చి పట్టిందనుకుంది.

బోరబండ_బ్యాచిలర్ | మధ్యాహ్నం 1:20
అక్కా, లెక్కపెట్టాను. 3200దే. మూడుసార్లు చూశాను, 94, 94, 95. అంటే 94 × 60 ÷ 3200 = 1.76 కిలోవాట్లు.

అయితే గీజర్ దగ్గర 1643 కదా? మీటర్‌లో 1760 అంటే మీటర్ ఎక్కువ తిరుగుతోందా?

మల్కాజిగిరి_మాస్టారు | 1:34
దొరికింది దొంగ!

మీటర్‌ని అనకు. మీటర్ దగ్గర 1760 వాట్లు బయల్దేరాయి, గీజర్‌కి 1643 చేరాయి. దారిలో దాదాపు 120 వాట్లు పోయాయి. వాట్లు మాయమవవు, ఎక్కడో వేడిగా మారుతున్నాయి. ఆ వేడి నీ నీళ్లలో లేదు కాబట్టి నీ గోడలోనో, స్విచ్‌బోర్డులోనో ఉంది.

బాబూ, గీజర్ అరగంట నడిచాక ఆఫ్ చేసి, స్విచ్‌బోర్డు ప్లాస్టిక్ మీద చేతివెనుక భాగం ఆనించి చూడు. తర్వాత ప్లగ్గు పీకి పిన్నులు చూడు.

బోరబండ_బ్యాచిలర్ | 2:25
సార్, బోర్డు ఇస్త్రీపెట్టెలా ఉంది. ప్లగ్గు పీకితే ఒక పిన్ను రంగు మారి నీలం-నలుపుగా ఉంది, దాని చుట్టూ తెల్ల ప్లాస్టిక్ కాస్తా టీ డికాషన్ రంగుకి వచ్చింది. ఎండుచేపల వాసన. ఇన్నాళ్లూ ఈ వాసన డ్రైనేజీదనుకున్నాను. టెన్షన్‌గా ఉంది.

ట్రూప్‌బజార్_తమ్ముడు | 2:29
ఎంసీబీ దించెయ్యి. ఇప్పుడే. ఆ గీజర్ మళ్లీ వేయకు, మనిషి వచ్చి చూసేదాకా వేడినీళ్లు గ్యాస్ మీద పెట్టుకో. వచ్చే ఆయనకి చెప్పు, గీజర్ ఆన్‌లో పెట్టి మూడుచోట్ల వోల్టేజ్ చూడమను: డీబీ దగ్గర, స్విచ్‌బోర్డుకి వచ్చే వైరు దగ్గర, గీజర్ దగ్గర. నిమిషం పని. ఎక్కడ దబ్బున పడితే జబ్బు అక్కడే.

మణికొండ_ఐటీవాలా | 2:41
మరి ఎంసీబీ ఎందుకు ట్రిప్ కాలేదు?

ట్రూప్‌బజార్_తమ్ముడు | 2:50
ఎందుకవుతుందన్నా? ఎంసీబీ చూసేది కరెంటు ఎక్కువైతే. ఇక్కడ లూజు జాయింటు వల్ల ఉండాల్సిన దానికంటే తగ్గింది కదా, 8.7 ఉండాల్సిన చోట 7.9. దాని దృష్టిలో అంతా బ్రహ్మాండం. లూజు జాయింటు అంటే లీకేజీ కాదు కాబట్టి దానికి ఆర్‌సీసీబీ కూడా పడదు. లూజు కనెక్షన్‌ని పట్టేవి ముక్కు, చెయ్యి. లేదంటే మాస్టారి లెక్క.

బోరబండ_బ్యాచిలర్ | సోమవారం, రాత్రి 8:40
ఇవాళ వేరే ఎలక్ట్రీషియన్ వచ్చాడు, పెద్దాయన. తమ్ముడు చెప్పినట్టే కొలిపించాను. గీజర్ ఆన్‌లో, 7.9 ఆంపియర్లకి:

డీబీ దగ్గర 224. బోర్డుకి వచ్చే వైరు దగ్గర 220. గీజర్ దగ్గర 208.

బోర్డు విప్పితే సాకెట్ న్యూట్రల్ స్క్రూ లొడలొడలాడుతోంది, వేలితోనే తిరిగింది. వైరు చివర ఒక అంగుళం మేర తొడుగు పెళుసెక్కి, ముట్టుకుంటే బొగ్గుపొడిలా రాలింది. లోపల రాగి నల్లబడి ఉంది. ఇద్దరం కాసేపు మాట్లాడకుండా చూస్తూ ఉండిపోయాం.

మల్కాజిగిరి_మాస్టారు | 9:15
ఎంపీసీ అమ్మాయీ, ఉన్నావా? ఇదిగో నీ జవాబు.

డీబీ నుంచి బోర్డుకి 4 వోల్టులు పోయాయి. 4 ÷ 7.9, అర ఓమ్. డీబీ బాత్రూమ్‌కి ఎంత దూరమో అడగలేదు గానీ, పాత ఇంట్లో ఒకటిన్నర వైరే ఉంటుంది. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగకి మీటరుకు 0.012 ఓమ్‌లు. పోనూ రానూ 40 మీటర్లయితే అర ఓమ్ సరిపోయింది. 32 వాట్ల వేడి, కానీ 40 మీటర్ల పొడవునా పరుచుకుంది, ఎవరికీ తెలియదు. గీజర్‌కి రెండున్నర వైరు వేసి ఉండాల్సింది, అది వేరే సంగతి.

ఇక బోర్డు నుంచి గీజర్‌కి 12 వోల్టులు. 12 ÷ 7.9, ఒకటిన్నర ఓమ్. 12 × 7.9, 95 వాట్లు. ఫ్యూజువైరు గారి వంద వాట్ల బల్బుని గోడలో పెట్టి సిమెంటు పూసినట్టు. సోల్డరింగ్ ఐరన్‌కి 25 వాట్లు చాలు, సీసం కరిగించడానికి. ఇది శెనగగింజంత స్క్రూ కింద 95.

ఇప్పుడు నీ ప్రశ్న. ఇంట్లో వస్తువులన్నిటికీ వోల్టేజ్ ఒకటే, 230. పక్కపక్కన రెండు వస్తువులు పెడితే నిరోధం తక్కువున్నదే ఎక్కువ తింటుంది. అక్కడ వీ స్క్వేర్ బై ఆర్. కానీ స్క్రూ, వైరు, గీజర్ ఒకే దారిలో వరసగా ఉన్నాయి, మూడింట్లోనూ అదే 7.9. అక్కడ ఎవరి నిరోధం ఎక్కువైతే వాళ్లే ఎక్కువ కాగుతారు. ఐ స్క్వేర్ ఆర్. స్క్రూ గట్టిగా ఉన్నప్పుడు దాని నిరోధం ఓమ్‌లో వెయ్యోవంతుల్లో ఉంటుంది, వేడే ఉండదు. వదులై, పొగచూరి, ఒకటిన్నర ఓమ్‌కి ఎక్కింది. వేడికి ఇంకా వదులవుతుంది, ఇంకా నిరోధం, ఇంకా వేడి. నీ రెండు సూత్రాల మధ్య తగవే లేదు. ఏది మారకుండా నిలబడిందో చూడాలి, వోల్టేజా, కరెంటా అని.

ఇంకో ముచ్చట. ఈ భాగించే సూత్రం కనిపెట్టిన ఓమ్ కూడా 1825లో ప్రయోగాలు మొదలుపెట్టినప్పుడు ఇదే చికాకు పడ్డాడు. అప్పటి బ్యాటరీలు తీగ తగిలించగానే వోల్టేజ్ జారిపోయేవి. ఆఖరికి బిస్మత్-రాగి థర్మోకపుల్ (రెండు కొసల వేడిలో తేడా ఉంటే వోల్టేజ్ ఇచ్చే లోహాల జంట) పట్టుకొచ్చి, ఒక కొసని మరిగే నీళ్లలో, ఇంకో కొసని మంచులో పెట్టి, కదలని వోల్టేజ్ సంపాదించాడు. 1827లో పుస్తకం వేశాడు. ఆయనకే తప్పలేదు, మనమెంత.

ఎంపీసీ_పిల్ల | 9:32
సార్!!! రెండేళ్ల డౌట్. ఇది మా క్లాస్ గ్రూపులో పెడుతున్నా.

కుషాయిగూడ_అక్క | 9:40
మాస్టారూ, మా ఫ్రిజ్‌కి ఇదే లెక్క వేయొచ్చా? క్లాంపులో 1.2 ఆంపియర్లు, 224 వోల్టులు. 269 వాట్లొస్తోంది. మెట్ల కింద ఎర్రలైటు లెక్కలో మాత్రం 160 దగ్గరే ఆగుతోంది.

మల్కాజిగిరి_మాస్టారు | 9:47
ఎర్రలైటునే నమ్మమ్మా. మోటారున్న వాటిల్లో వోల్టేజూ కరెంటూ ఒకే అడుగులో నడవవు. గుణిస్తే వచ్చేది వోల్ట్-ఆంపియర్లు, వాట్లు కావు. 160ని 269తో భాగిస్తే వచ్చే 0.6 దాని పవర్ ఫ్యాక్టర్. అలాగే మోటారుకి వోల్టేజ్‌ని కరెంటుతో భాగించి ఇదే వైండింగ్ నిరోధం అనుకోకూడదు. మనం ఇందాకటి నుంచి వేస్తున్న లెక్కలన్నీ గీజర్ లాంటి మొద్దు వస్తువులకే సరిగ్గా కుదురుతాయి.

బోరబండ_బ్యాచిలర్ | మంగళవారం, రాత్రి 9:05
అప్‌డేట్. కొత్త 16 ఆంపియర్ల సాకెట్, స్విచ్, ప్లగ్గు, మూడూ మార్చాడు. కాలిన వైరు కోసేసి కొత్త చివర బిగించాడు. ఇప్పుడు గీజర్ దగ్గర 219 వోల్టులు, 8.3 ఆంపియర్లు. భాగిస్తే 26.4, గుణిస్తే 1818. బోర్డు చల్లగా ఉంది, అరగంటకోసారి వెళ్లి ముట్టుకుని చూస్తున్నాను.

ఒక్కటే బాధ. నీళ్లు ఇంకా నెమ్మదిగానే కాగుతున్నాయి.

ఫ్యూజువైరు | 9:12
😂😂

మల్కాజిగిరి_మాస్టారు | 9:20
కాగుతాయి మరి. 15 లీటర్ల నీళ్లు ఒక డిగ్రీ ఎక్కాలంటే సుమారు 63 వేల జౌళ్ల వేడి కావాలి. వాటంటే సెకనుకి ఒక జౌల్. 1643 వాట్లతో 38 సెకన్లు, ఇప్పుడు 1818తో 35 సెకన్లు. నీకు దక్కింది డిగ్రీకి మూడు సెకన్లు. ఎండాకాలం ట్యాంకులో నీళ్లు ముప్పై డిగ్రీలుంటే అరవైకి పోవడానికి ముప్పై మెట్లు. ఇప్పుడు పద్దెనిమిది నుంచి మొదలైతే నలభై రెండు మెట్లు, ఇరవై నాలుగు నిమిషాలు. ఆలస్యం చలికాలానిది. నువ్వు దాని కోసం వెతికితే ఇది బయటపడింది.

మణికొండ_ఐటీవాలా | 9:26
కరెంట్ బిల్లు అయినా తగ్గుతుందిలే బ్రో.

కుషాయిగూడ_అక్క | 9:30
రోజుకి అరగంట లెక్కన 95 వాట్లంటే నెలకి ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. చాయ్ డబ్బులు కూడా మిగలవు.

బోరబండ_బ్యాచిలర్ | 9:41
ఆంటీకి కాలిన సాకెట్ చూపించాను. నోటి మీద చెయ్యి వేసుకుంది. డబ్బులు అద్దెలో పట్టుకోమంది, పైగా కింద వాళ్ల బాత్రూమ్ బోర్డు కూడా చూడమంది. అక్కడ కూడా ఒక స్క్రూ వదులుగానే ఉందట, పెద్దాయన బిగించి వెళ్లాడు.

మల్కాజిగిరి_మాస్టారు | 9:50
ఆ పాత సాకెట్ పారేయకు బాబూ. సాయంత్రం మా ఇంటికి ట్యూషన్ పిల్లలొస్తారు, చూపించాలి.

బోరబండ_బ్యాచిలర్ | 9:53
స్వీట్ల డబ్బాలో పెట్టి ఉంచాను సార్. ఆదివారం తెస్తాను. ఇంకా వాసనొస్తోంది, మూత తీసేటప్పుడు కాస్త దూరంగా పెట్టుకోండి.